సంతకం పెట్టేముందు మా మాట కూడా వినండి: పర్యావరణ మిత్రులకు ఒక రాంచ్ కోడలి లేఖ

అమెరికాలో పర్యావరణ సంస్థలకు చందాలిస్తూ, వాటి పిటిషన్ల మీద సంతకాలు చేస్తూ, సెలవు రోజుల్లో వలంటీర్లుగా పనిచేస్తున్న తెలుగు మిత్రులందరికీ నమస్కారం.

పశ్చిమ రాష్ట్రాల్లోని ప్రభుత్వ భూముల్లో పశువుల మేతను పూర్తిగా ఆపేయాలని కోరుతూ ఒక పిటిషన్ ఈమధ్య మనవాళ్ల మధ్య తిరుగుతోంది. నాకు బాగా తెలిసినవాళ్లే దాన్ని పంపి, సంతకం పెట్టమన్నారు. పంపినవాళ్లు మంచివాళ్లు. అడవి మీద, జంతువుల మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు. అందుకే వాళ్లకు పొడిగా "కుదరదు" అని జవాబివ్వలేక, ఈ ఉత్తరం అందరికీ రాస్తున్నాను.

నేను మోంటానా రాష్ట్రంలో ఒక రాంచ్‌లో, అంటే పశువులు పెంచే పెద్ద పొలంలో ఉంటాను. పెళ్లయ్యాక ఈ ఇంటికి వచ్చాను. అత్తమామలు పాత ఇంట్లో, మేమూ పిల్లలూ కొత్త ఇంట్లో, మధ్యలో పశువుల కొట్టం. మా సొంత భూమి కొంత ఉంది. వేసవిలో మంద మేసేది మాత్రం ఎక్కువగా ప్రభుత్వ భూమిలోనే. ఆ భూమిని చూసే సంస్థ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్. ఇక్కడ అందరూ బీఎల్‌ఎం అంటారు. దాని కింద పశువుల మేతకు అనుమతి ఉన్న భూమి దాదాపు 15.5 కోట్ల ఎకరాలు. మీ పిటిషన్ ఒక్క మాటతో తీసేయమంటున్నది ఆ మేతనే.

మేం పెంచేది మాంసం కోసం అమ్మే పశువులను. అది మీలో కొందరికి నచ్చదని తెలుసు. తినాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది, ఈ ఉత్తరం దాని గురించి కాదు. ఈ ఉత్తరం గడ్డి గురించి, ఆ గడ్డి మీద ఆధారపడిన వాటన్నిటి గురించి. అందులో ఆవులున్నాయి, తోడేళ్లున్నాయి, పక్షులున్నాయి, మా పిల్లలూ ఉన్నారు.

ఫిబ్రవరి చివర్లో మా ఆవులు ఈనడం మొదలవుతుంది. ఏప్రిల్ దాకా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర ఉండదు. తొలిచూలు ఆవులను రాత్రంతా రెండు మూడు గంటలకోసారి చూసి రావాలి. వాటికి ఈనడం కొత్త, దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి సరిచెయ్యాలి. చలి మైనస్ 30 డిగ్రీలకు దిగిన రాత్రుల్లో పుట్టిన దూడ తడి ఆరేలోపే చెవులు గడ్డకట్టిపోతాయి. అలాంటి దూడను పికప్‌లో వేసుకుని, హీటర్ పెట్టి ఇంటికి తెస్తారు. మా వంటింట్లో పాత దుప్పట్ల మీద దూడ పడుకుని ఉండటం పిల్లలకు మామూలు విషయం. సీసాతో ముర్రుపాలు తాగించడం మా అమ్మాయి బడికి వెళ్లకముందే నేర్చుకుంది. ఆ పాలు కడుపులో పడి దూడ లేచి నిలబడగానే మళ్లీ తల్లి దగ్గరకు చేర్చాలి. ఆలస్యమైతే తల్లి దగ్గరకు రానివ్వదు.

మే నెలలో దూడలకు ముద్రలు వేసే రోజున చుట్టుపక్కల రాంచ్‌ల వాళ్లంతా వస్తారు. వాళ్ల పనికి మేం వెళ్తాం, మా పనికి వాళ్లు వస్తారు, ఇందులో డబ్బు ప్రసక్తి లేదు. జూలైలో ఎండుగడ్డి కోత. శరదృతువులో మందను కొండల మీద నుంచి దింపడం, దూడలను అమ్మడం. ఏడాదిలో ఒక్కసారి వచ్చే ఆదాయం అది. ఆ రోజు మార్కెట్ ఎలా ఉంటే మా ఏడాది అలా ఉంటుంది. మా ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా నా ఉద్యోగం వల్లే వస్తోంది, అందుకే నేను రోజూ పట్నం వెళ్లి వస్తాను. ఇక్కడి రాంచ్ ఇళ్లలో ఇది చాలా మామూలు. భూమి మీద ఒకరు, బీమా కోసం ఇంకొకరు.

మా మామగారి దగ్గర కొన్ని పాత నోటు పుస్తకాలున్నాయి. ఏ రోజు ఎంత వాన పడింది, వాగు ఎప్పుడు ఎండింది, ఏ మేత భూమిలో మందను ఎప్పుడు వదిలి ఎప్పుడు తీశారు, అన్నీ రాసుకుంటారు. ఆయన తనను తాను పర్యావరణవాది అని ఎప్పుడూ చెప్పుకోరు. ఆ మాట వింటేనే ముఖం ముడుచుకుంటారు, ఎందుకంటే ఆయన అనుభవంలో ఆ మాట కోర్టు నోటీసుతో కలిసి వచ్చింది. కానీ ఒక మేత భూమిలో గడ్డి సగానికి తగ్గకముందే మందను పక్క భూమికి తోలకపోతే ఆయనకు నిద్రపట్టదు. గడ్డిని వేళ్లదాకా మేపితే వచ్చే ఏడు మేత ఉండదని ఆయనకు ఏ సంస్థా చెప్పక్కర్లేదు.

మీ పిటిషన్‌లో రాసినవన్నీ తప్పులని నేను అనను. 19వ శతాబ్దం చివర ఈ పశ్చిమ భూముల్లో ఎవరి మంద బలం కొద్దీ వాళ్లు మేపారు. నేల ఎంత పాడైందంటే, చివరికి 1934లో టేలర్ గ్రేజింగ్ చట్టం తెచ్చి, పర్మిట్లు, మేతకు పరిమితులు పెట్టాల్సి వచ్చింది. వాగు ఒడ్డున ఆవులను వేసవి అంతా వదిలేస్తే ఆ ఒడ్డు నాశనమవుతుంది, అదీ నిజమే. ఆవు నీడ కోసం, నీళ్ల కోసం ఒకేచోట నిలబడిపోతుంది. అందుకే ఇప్పుడు చాలా రాంచ్‌ల్లో వాగుకు కంచె కట్టి, ఊట నుంచి పైపు వేసి, దూరంగా తొట్టెలు పెడుతున్నారు. మేమూ పెట్టాం. ఆ పైపులు చలికాలంలో పగలకుండా చూసుకోవడం, తొట్టెల్లో పడ్డ చిన్న పక్షులు, ఉడతలు ఎక్కి బయటపడేలా మెట్లు అమర్చడం, ఇవన్నీ మా పనే.

ప్రభుత్వ భూమిలో మేత రుసుము మరీ తక్కువని కూడా రాశారు. నిజమే, 2025లో ఒక ఆవూ దూడా నెలరోజులు మేసినందుకు కట్టింది 1.35 డాలర్లు. ప్రైవేటు భూమిలో అదే మేతకు ఎన్నో రెట్లు ఎక్కువ కట్టాలి. కానీ ప్రైవేటు భూమిలో కంచె, నీళ్లు సాధారణంగా భూమి యజమానే చూసుకుంటాడు. ఇక్కడ ఆ పని చాలావరకు మాది. ఎల్క్‌లు అనే పెద్ద జింకలు తెంపిన ముళ్లతీగను బాగుచేయడానికి మా ఆయన వసంతంలో తెల్లవారుజామునే గుర్రమెక్కి వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికొస్తారు. రుసుము పెంచాలా అన్నది చర్చించదగ్గ విషయమే, నేను కాదనను. అయితే మేత ఆపేస్తే ఆ భూమి దానంతటదే బాగైపోతుందన్న లెక్క మాత్రం సరైంది కాదు.

ఎందుకో చెప్తాను. మాలాంటి రాంచ్‌కు సొంత భూమీ, పర్మిట్ భూమీ కలిస్తేనే బతుకు. పర్మిట్ పోతే సొంత భూమి మీద మాత్రమే మందను సాకలేం. అప్పుడు అమ్ముతాం. కొనేదెవరు? తోడేళ్లు కొనవు. నేల చదునుగా ఉన్నచోట దున్ని గోధుమ వేసేవాళ్లు కొంటారు. కొండల అందం కనిపించే చోట స్థలాలుగా కోసి ఇళ్లు కట్టేవాళ్లు కొంటారు. మోంటానాలోని బోజ్‌మన్ పట్నం చుట్టూ గ్యాలటిన్ లోయను చూసినవాళ్లకు నేను వేరే వివరించక్కర్లేదు. పచ్చికగా ఉన్న లోయ ఇప్పుడు రోడ్లు, గ్యారేజీలు, రాత్రంతా వెలిగే దీపాలతో నిండిపోతోంది. లోయలోని సొంత భూముల్లోనే నీళ్లుంటాయి, వాగులుంటాయి, శీతాకాలంలో ఎల్క్‌లు దిగి వచ్చేదీ అక్కడికే. ప్రభుత్వ భూమిని కాపాడుతున్నామనుకుంటూ, దానికి ప్రాణాధారమైన లోయను మనమే చేజేతులా పోగొట్టుకుంటాం.

పచ్చిక పక్షుల సంగతి కూడా తెలుసుకోండి. 1970 నుంచి ఉత్తర అమెరికాలో పచ్చిక బయళ్ల పక్షులు సగానికి పైగా తగ్గిపోయాయని 2019లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. అడవుల పక్షుల కంటే కూడా వీటి నష్టమే ఎక్కువ. ప్రధాన కారణాల్లో పచ్చికను దున్నేయడం ఒకటి. దున్నిన నేలలో కార్బన్ గాలిలో కలుస్తుంది, గూళ్లు పోతాయి. మేసిన గడ్డి మళ్లీ లేస్తుంది. దున్నిన పాత పచ్చిక మళ్లీ అదే రూపంలో రావడం మన జీవితకాలంలో జరిగేది కాదు. కోట్ల బైసన్‌లు, అంటే అడవి దున్నల్లాంటి జంతువులు, మేసి, ముందుకు కదిలిపోయిన నేల ఇది. మేత ఈ నేలకు కొత్త కాదు. ఎంత మేపుతున్నాం, ఎప్పుడు కదిలిస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న.

సేజ్ గ్రౌస్ అనే పక్షి గురించి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. వసంతంలో తెల్లవారక ముందు మగపక్షులు బయలు నేల మీద చేరి, ఛాతీ ఉబ్బించి ఆడతాయి. చలికాలమంతా సేజ్ పొదల ఆకులే వాటి తిండి. 1965 నుంచి వాటి సంఖ్య సుమారు 80 శాతం పడిపోయిందని ప్రభుత్వ శాస్త్రవేత్తలు 2021లో లెక్కతేల్చారు. 2015లో దీన్ని అంతరించే జాతుల జాబితాలో చేర్చాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, చేర్చాల్సిన అవసరం లేదని ఫెడరల్ ప్రభుత్వం నిర్ణయించింది. అప్పటికే పదకొండు రాష్ట్రాల్లో రాష్ట్ర ప్రభుత్వాలు, ఫెడరల్ సంస్థలు, రాంచర్లు కలిసి చేపట్టిన పని ఆ నిర్ణయానికి ఒక ముఖ్య కారణం. ఆ పనిలో ఒక భాగం చాలా చిన్నది. ఈ పక్షులు తక్కువ ఎత్తులో ఎగురుతూ ముళ్లతీగకు గుద్దుకుని చస్తాయి. తీగకు తెల్లటి ప్లాస్టిక్ ముక్కలు తగిలిస్తే ఆ చావులు బాగా తగ్గుతాయి. మా పిల్లలు 4-హెచ్ అనే పిల్లల క్లబ్‌లోని స్నేహితులతో కలిసి కంచె పొడవునా వాటిని తగిలించారు. "పక్షికి మంచిదైతే మందకూ మంచిదే" అన్న మాట ఆ రోజుల్లో రాంచ్‌లన్నింటా వినిపించేది. మా మామగారు కూడా ఆ మాట అనేవారు. ఎవరూ కేసు వేయకుండా, ఇంటికి వచ్చి, కాఫీ తాగి, సాయం చెయ్యమని అడిగితే ఆయన కాదనలేదు.

ఇక తోడేళ్లు. నేను దాటవేయకూడని విషయం ఇది.

1995, 1996ల్లో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో వదిలారు. ఆ పని జరగడం మంచిదేనని నా అభిప్రాయం. మా ఇంట్లో ఈ మాటకు నాకు మద్దతు దొరకదు, అయినా చెప్తాను. తోడేలు ఈ నేల జీవి. కానీ దాన్ని తిరిగి తెచ్చిన సంతోషం దేశమంతటిదీ, దాని ఖర్చు మాత్రం కొన్ని కుటుంబాలదీ అయింది. తోడేలు చంపిన దూడకు పరిహారం ఉందని మీరంటారు. ఉంది. దానికి ఆధారం కావాలి. కొండల్లో దూడ చనిపోయిన సంగతి మనకు తెలిసేసరికి గద్దలు, నక్కల్లాంటి కొయోటీలు, ఎలుగులు మిగిల్చేది కొన్ని ఎముకలే. ఒక వేసవిలో మాకు అలాగే జరిగింది. పరిశీలనకు వచ్చిన మనిషి నిజాయితీగా చూశాడు, తేల్చలేనని రాశాడు, పరిహారం రాలేదు. కళ్లకు కనిపించని నష్టం ఇంకొకటుంది. తోడేళ్లు తిరిగే చోట ఆవులు బెదిరిపోయి ఒకచోట గుమిగూడతాయి, మేత తగ్గిస్తాయి. శరదృతువులో దూడలు తక్కువ బరువు తూగుతాయి, కొన్ని ఆవులు చూలు కట్టవు. దానికి ఏ కాగితంలోనూ గడి లేదు. ఆ వేసవిలో దూడ ఎముకల పక్కన నిలబడి మా అమ్మాయి ఏడ్చింది, ఆ దూడ ఆమె సీసాతో పాలు పట్టినది. ఆమెకు తోడేళ్ల మీద కోపం రాకుండా ఎలా చెప్పాలో నాకు ఆ రోజు తెలియలేదు. మీరైతే ఏం చెప్తారు?

అయినా దారులున్నాయి. గుర్రాల మీద మనుషులు మందతో పాటు ఉండి కాపలా కాస్తే నష్టం తగ్గుతుంది. చచ్చిన పశువును వెంటనే తీసేస్తే ఎలుగులు, తోడేళ్లు ఆ చుట్టూ మరగవు. ఈనే చోట కరెంటు కంచె పనిచేస్తుంది. తాడుకు ఎర్ర గుడ్డ పేలికలు కట్టి చుట్టూ లాగితే తోడేళ్లు కొన్ని వారాలు దాటడానికి జంకుతాయి, తర్వాత అలవాటు పడిపోతాయి. ఇవన్నీ పనిచేస్తాయి, అన్నింటికీ మనుషులు, డబ్బు కావాలి. మోంటానాలోనే బ్లాక్‌ఫుట్ లోయలో 1993లో మొదలైన బ్లాక్‌ఫుట్ చాలెంజ్ అనే సంస్థ ఇదే చేస్తోంది. రాంచర్లు, అధికారులు, పర్యావరణం కోసం పనిచేసేవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. అందరూ ఒప్పుకునే 80 శాతంతో మొదలుపెట్టాలి, మిగిలిన 20 శాతం గొడవ తర్వాత చూసుకోవచ్చు అన్నది వాళ్ల పద్ధతి. కళేబరాలను ఇంటింటికీ తిరిగి ఎత్తుకెళ్తారు, కంచెలకు సాయం చేస్తారు. అక్కడ గ్రిజ్లీ ఎలుగులతో గొడవలు బాగా తగ్గాయి.

అరిజోనా, న్యూ మెక్సికో సరిహద్దులో 1994లో రాంచర్లే మాల్‌పాయ్ బోర్డర్‌ల్యాండ్స్ గ్రూప్ పెట్టుకున్నారు, భూమి ముక్కలు కాకుండా, అవసరమైన చోట నిప్పు పెట్టి పచ్చికను కాపాడటానికి. ఆ గ్రూప్‌లోని వార్నర్ గ్లెన్ అనే రాంచర్‌కు 1996లో కొండల్లో తన కుక్కలతో వెళ్తుండగా చిరుతలాంటి జాగ్వార్ ఎదురైంది. ఆయన దాన్ని కాల్చలేదు. ఫొటోలు తీసి, కుక్కలను వెనక్కి పిలుచుకుని, దాన్ని వెళ్లనిచ్చాడు. అమెరికాలో అడవిలో తిరిగే జాగ్వార్‌కు ఎన్నో ఏళ్ల తర్వాత దొరికిన రుజువు ఆ ఫొటోలే. ఈ కథ మీ సంస్థల వార్తాలేఖల్లో ఎన్నిసార్లు వచ్చింది? రాంచర్ తుపాకీ పట్టుకున్న బొమ్మే ఎక్కువగా కనిపిస్తుంది.

మీథేన్ గురించి కూడా చెప్పాలి. ఆవులు మీథేన్ వదులుతాయి, అది వాతావరణాన్ని వేడెక్కిస్తుంది, ఇందులో వాదన లేదు. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే అలాంటి వాయువుల్లో పశుపోషణ వాటా 14.5 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో అంచనా వేసింది. అయితే మీథేన్ గాలిలో సుమారు పన్నెండేళ్ల పాటు ఉండి విడిపోతుంది, బొగ్గు, చమురు కాల్చితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాల పాటు పేరుకుపోతుంది. మంద పెరగకుండా స్థిరంగా ఉంటే దాని మీథేన్ వల్ల కొత్తగా పెరిగే వేడి చాలా తక్కువ. మంద తగ్గితే ఆ మేలు త్వరగా కనిపిస్తుంది, అదీ నిజమే. అమెరికాలో 1975లో 13.2 కోట్ల పశువులుండేవి, 2024 నాటికి 8.7 కోట్లకు దిగాయి. పచ్చిక మేపితే వాతావరణ సమస్యంతా తీరిపోతుందని చెప్పే రాంచర్లూ ఉన్నారు. నేను అలా చెప్పను, ఆ మాట నిలవదు. మేం అడిగేది ఒక్కటే: ఆవు వదిలే వాయువును లెక్కించేటప్పుడు, ఆ ఆవు వల్ల దున్నకుండా, ఇళ్లు కట్టకుండా మిగిలిన పచ్చికను కూడా అదే లెక్కలో వెయ్యండి.

వాతావరణం మారుతోందని నమ్మని వాళ్లు మాలో చాలామందే ఉన్నారని మీకు తెలుసు. వాళ్లతో మీకంటే నేనే ఎక్కువ వాదించాను. కానీ 2021 కరవులో మా చుట్టూ గడ్డి లేచినట్టే లేచి ఎండిపోయింది, మిగిలినదాన్ని మిడతలు తినేశాయి. ఎండుగడ్డి ధర అందనంత పెరిగింది. తరాలుగా పెంచుకున్న ఆవులను అమ్ముకున్నారు. ఆ ఏడాది కారణం ఏమిటని ఎవరూ వాదించుకోలేదు, మిగిలిన మందను ఎలా నిలబెట్టాలా అని మాట్లాడుకున్నారు. ఆ సమయంలో వచ్చి నీటి తొట్టెకో, కరవు తట్టుకునే మేత పద్ధతికో సాయం చేసినవాళ్ల మాట రైతు వింటాడు. ఆ సమయంలోనే కేసు వేసినవాళ్ల మాట మనవళ్ల కాలం వచ్చినా వినడు.

మరో విషయం తక్కువ మాటల్లో చెప్పేస్తాను. ఈ దేశంలో మాంసం కోసం బలిపించిన పశువుల్లో సుమారు 85 శాతాన్ని నాలుగు కంపెనీలే కొని కోస్తాయి. ధర నిర్ణయించేది మేం కాదు. పచ్చికను బాగా చూసుకున్నందుకు ఆ కంపెనీలు ఒక్క డాలర్ కూడా అదనంగా ఇవ్వవు. పెద్ద పశు పరిశ్రమ అని మీరు కోప్పడేటప్పుడు దయచేసి మమ్మల్నీ వాళ్లనూ ఒకే గాటన కట్టకండి.

ఇప్పుడు నా విన్నపాలు. మీరు చందా ఇచ్చే సంస్థకు ఒక ఉత్తరం రాసి అడగండి: మీ డబ్బులో ఎంత కోర్టు కేసులకు పోతోంది, ఎంత కాపలా మనుషులకు, కంచెలకు, కళేబరాలు తీసే లారీలకు పోతోంది అని. జవాబు నచ్చితే ఇవ్వండి, నచ్చకపోతే రెండో పని చేసే సంస్థకు ఇవ్వండి. భూమిని ఎప్పటికీ స్థలాలుగా కోయకుండా రాసిచ్చే కన్సర్వేషన్ ఈజ్‌మెంట్లకు సాయం చెయ్యండి. చాలామంది రాంచర్లకు ఆ "ఎప్పటికీ" అన్న మాటంటే భయం. మా మామగారు ఇంకా ఆలోచిస్తున్నారు. కానీ వృద్ధాప్యంలో డబ్బు అవసరమైనప్పుడు భూమిని ముక్కలుగా అమ్మకుండా ఉండటానికి మాలాంటి వాళ్ల ముందున్న మంచి దారుల్లో అదొకటి. దేశంలో వ్యవసాయదారుల సగటు వయసు 2022 లెక్క ప్రకారం 58 దాటింది. రాబోయే ఇరవై ఏళ్లలో ఈ భూములు చాలావరకు చేతులు మారతాయి. ఎవరి చేతికి వెళ్తాయన్నదే అసలు పర్యావరణ ప్రశ్న అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఏ రాంచ్‌నైనా దాని నేలను చూసి అంచనా వెయ్యండి. వాగు ఒడ్డు తొక్కి పాడుచేసినవాడిని అడగండి, నిలదీయండి, మేం అడ్డురాం. కానీ బాగా చూసుకునేవాడినీ, పాడుచేసేవాడినీ ఒకే పిటిషన్‌తో వెళ్లగొట్టకండి.

చివరిగా, రండి. జూలైలో కాదు, అప్పుడు అందరూ వస్తారు, అన్నీ అందంగానే ఉంటాయి. మార్చిలో రండి. మందపాటి జాకెట్, రబ్బరు బూట్లు తెచ్చుకోండి. రాత్రి రెండింటికి ఆవులను చూడటానికి మా ఆయనతో పాటు వెళ్లండి. పొద్దున మా మామగారితో తోడేళ్ల మీద ఎంతసేపైనా వాదించండి, ఆయనకు వాదన ఇష్టం. అది కుదరకపోతే ఈ ఉత్తరానికి జవాబైనా రాయండి. నాతో ఏకీభవించకపోయినా సరే, ఎక్కడ ఏకీభవించరో ఆ చోటు చూపించి మరీ రాయండి. ఆ పిటిషన్ మీద సంతకం మాత్రం మనం మాట్లాడుకునే దాకా ఆపండి.

ఇట్లు,
మోంటానాలోని ఒక రాంచ్ కోడలు